ఎదురుగా పితికించుకున్న యాప్

తెనాలిలో మా బావ నాగమల్లేశ్వరరావు గురించి ఎవరినడిగినా రెండు మాటలు చెబుతారు. మనిషి మంచివాడన్నది మొదటిది. ఆయనతో కలిసి మాత్రం బజారుకెళ్లకండన్నది రెండోది. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన ఈ పెద్దమనిషికి లోకంలో ఒక్కడే శత్రువు. వాడి పేరు మధ్యవర్తి. వస్తువు చేసేవాడికీ వాడుకునేవాడికీ నడుమ ఎవడు నిలబడినా వాడు దొంగే అని ఆయన సిద్ధాంతం. మరి మా అక్క స్వర్ణలతను నీకు కుదిర్చింది పెళ్లిళ్ల పేరయ్యేగా, ఆయన మధ్యవర్తి కాదా బావా అని ఒకసారి అడిగాను. "అందుకేరా మోహనూ, అప్పట్నించీ ఇంత జాగ్రత్తగా ఉంటున్నా" అన్నాడు.

పాల సంగతే తీసుకోండి. పొద్దున్నే వీధి చివర రావమ్మ దొడ్లోకి వెళ్లి, గేదె ఎదురుగా పీట వేసుకుని కూచుంటాడు. ముందు రావమ్మ చేతిలో చెంబు తీసుకుని బోర్లించి చూస్తాడు, అడుగున ముందే నీళ్లు పోసి ఉంచిందేమోనని. ఆ తరవాతే పితకమంటాడు.

"ఇన్నేళ్లనించీ చూస్తన్నారు గదండీ బాబాయిగారూ, ఇంకా నామీద నమ్మకం కుదర్లేదా?" అంటుంది రావమ్మ.

"నిన్ను ఎప్పుడో నమ్మానమ్మా. చెంబునే ఇంకా నమ్మలేదు" అంటాడు.

బియ్యం పిట్టలవానిపాలెంలో రైతు దగ్గర నేరుగా బస్తాలు వేయించుకొస్తాడు. మధ్యవర్తి లేని బియ్యంలో రాళ్లు కూడా నేరుగా పొలంలోంచే వస్తాయి. వాటిని ఏరేది మా అక్క. పసుపు కొమ్ములు దుగ్గిరాల నుంచి తెస్తాడు. వాటిని దంచేది కూడా మా అక్కే. ఆయన సిద్ధాంతాలన్నీ ఆయనవే గాని, రోకలి మాత్రం మొదటినించీ ఆవిడ చేతిలోనే ఉంది.

ఇలాంటి మనిషి చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. ఫోన్ తెరవగానే ఆ పెద్ద కంపెనీ యాప్ స్టోర్ ఆయన పేరూ, పుట్టిన తేదీ, మెయిలూ అడిగింది. మా బావకు చిర్రెత్తుకొచ్చింది.

"కందిపప్పు కొనడానికి కొట్టుకెళ్తే శెట్టిగారు నా పుట్టినరోజు అడుగుతాడంటరా? వీడెవడు అడగడానికి? వీడు యాప్ చేశాడా, పెట్టాడా? ఎవడో చేసింది తెచ్చి గుమ్మంలో కూచుని అమ్ముకునేవాడు!"

నిజం చెప్పాలంటే ఆ మాటలో తప్పేం లేదు. నాకు తెనాలిలోనే జిరాక్స్ షాపుంది, నా ఫోన్ నిండా స్టోర్‌లోంచి తెచ్చుకున్న యాపులే. అందులో టార్చిలైట్ ఒకటి. దీపం వెలిగించడానికి దానికి నా చుట్టాలందరి ఫోన్ నంబర్లూ కావాలిట. ఇచ్చాను. పెద్ద కంపెనీ గుమ్మంలో కాపలా ఉందన్న ధీమాతో గుమ్మం లోపల ఎవడడిగినా ఏదడిగినా ఇచ్చే రకం మేము. మా బావ గుమ్మమే తొక్కనన్నాడు. ఇద్దరిలో ఎవరు తెలివిగలవాళ్లో అప్పటికి ఇంకా తేలలేదు.

ఆయన పద్ధతి ఆయనదే. యాప్ కావాలంటే చేసినవాణ్ని కళ్లతో చూడాలి. తెనాలి, రేపల్లెల మధ్య తిరిగే రైళ్ల వేళలు చెప్పే యాప్‌ను రేపల్లెలో ఫిన్నీ అనే అతను సొంతంగా చేశాడని తెలిసి, మా బావ రైలెక్కి రేపల్లె వెళ్లాడు. ఫిన్నీకి అక్కడ చిన్న కంప్యూటర్ సెంటర్ ఉంది. ఎవరబ్బాయివి, ఏ ఊరు, ఏ చర్చి, మీ నాన్నగారేం చేసేవారు అన్నీ అడిగి, తృప్తి పడ్డాక ఫోన్ చేతికిచ్చాడు. ఫిన్నీ యాప్ ఎక్కించాడు. తెరిచి చూస్తే, తిరుగు రైలు అప్పుడే వెళ్లిపోయిందని చూపించింది. "చూశావా, ఎంత కచ్చితంగా చెప్తోందో!" అని మురిసిపోయి బస్సులో ఇంటికొచ్చాడు.

ఆ ఫిన్నీయే ఆయనకు ఇంకో దారి చూపించాడు. పెద్ద కంపెనీలతో సంబంధం లేకుండా, కొందరు కలిసి నడిపే ఉచిత యాపుల భాండారం ఒకటుంది. అక్కడ పేరడగరు, ప్రకటనలుండవు, ఏ యాప్ ఎలా చేశారో లోపలి రాత కూడా బయటే పెడతారు.

"ఎవరైనా చదివి చూసుకోవచ్చండి బాబాయిగారూ" అన్నాడు ఫిన్నీ.

"నువ్వు చదివావా?"

"లేదండి."

"మరెవరు చదివారు?"

"ఎవరో ఒకరు చదివే ఉంటారండి."

"మా ఆఫీసులో ఫైళ్లూ ఇంతేనయ్యా. అందరూ సంతకాలు పెట్టినవే, ఎవరూ చదివినవి కావు" అన్నాడు మా బావ. అయినా ఫిన్నీ మొహం చూసి ఒప్పుకున్నాడు. క్యాలెండర్, నోట్సు, టార్చిలైటు అందులోంచే వేయించుకున్నాడు. ఆ టార్చిలైటు ఎవరి నంబర్లూ అడక్కుండానే వెలిగింది. ఆ విషయం నాకు రోజూ చెప్పేవాడు. ఎంత రోజూ అంటే, కరెంటు పోతే ఆయనకంటే ముందు నేనే కొవ్వొత్తి వెలిగించేవాణ్ని.

ఇంతవరకూ నవ్వుకునే కథే. మా అక్క చెవి దగ్గరికి వచ్చేసరికి నవ్వు తగ్గింది.

ఒకప్పుడు మా అక్క వినికిడి అంటే వీధి మొత్తానికి భయం. నాలుగిళ్ల అవతల అత్తాకోడళ్లు గుసగుసలాడుకుంటే, ఇక్కడ పోపు వేస్తూ తీర్పు చెప్పేది. ఆడవాళ్లు నలుగురు చేరితే మధ్యలో కూచునేది మా అక్కే. యాభై దాటాక చెవి మందగించింది. గుంటూరులో చూపిస్తే రెండు చెవులకీ మిషన్లు పెట్టారు. చిక్కుడు గింజంత ఉంటాయి, బటన్లుండవు. శబ్దం పెంచాలన్నా తగ్గించాలన్నా ఫోన్లో ఒక యాప్ ఉండాలి. ఆ యాప్‌ను కొన్నరోజే షాపువాళ్లు మా అక్క ఫోన్లో వేసిచ్చారు. మా బావ మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. ఆ యాప్‌తో మా అక్కకు మళ్లీ లోకం వినపడింది.

తరవాత ఆ ఫోన్ బట్టలు నానబెట్టిన బకెట్లో పడింది. కొత్త ఫోన్ కొన్నారు గాని యాప్ లేదు. మిషన్లు చేసిన కంపెనీ ఈలోగా మూతపడింది. దాంతోపాటు యాప్ కూడా స్టోర్‌లోంచి మాయమైంది. నేను మా అక్క ఫోన్లో ఆ పేరు కొట్టి వెతికితే, అది దొరకదు, బదులుగా ఇవి చూడండి అని ఏవో చూపించింది. చెవి పోగులు పెట్టుకుని ఫొటో దిగే యాప్ ఒకటి, పొడుగు చెవుల కుందేలు క్యారట్లు ఏరుకునే ఆట ఒకటి. అన్ని కోట్ల మందికి కాపలా కాసే గుమ్మానికి మా అక్క చెవి సంగతి ఎందుకు పడుతుంది!

మిషన్లు పాత శబ్దం దగ్గరే ఆగిపోయాయి. చెవి మాత్రం ఆగలేదు, ఇంకాస్త మందగించింది. షాపువాళ్లు కొత్త మిషన్లు తీసుకోమన్నారు. మా బావ సరేనన్నాడు గాని మా అక్కే వద్దంది. "వీటికి అలవాటు పడేసరికే నా తలప్రాణం తోకకొచ్చింది. మళ్లీ కొత్తవంటే గిన్నె కిందపెట్టినా పిడుగు పడ్డట్టుంటది. ఆ యాప్ ఏదో తెచ్చిపెట్టండి చాలు" అంది.

చిన్న కోరిక. కాని ఆ యాప్ దొరక్కపోతే మా అక్క నలుగురి మధ్యా కూచుని కూడా ఒంటరిదైపోతుంది. అప్పటికే అవుతోంది. అందరూ నవ్వాక, వాళ్ల మొహాలు చూసి ఓ క్షణం ఆలస్యంగా నవ్వేది. మెల్లమెల్లగా ఆడవాళ్ల మధ్యకు వెళ్లడం మానేసింది.

నేను ఇంటర్నెట్లో గాలించాను. ఊరూ పేరూ లేని ఒక సైట్‌లో ఆ యాప్ ఫైల్ దొరికింది. పేజీ నిండా ఆకుపచ్చ బటన్లు. ఏది నొక్కినా ఇంకేదో తెరుచుకుంటుంది. ఎలాగో ఫైల్ పట్టుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాను. మా బావ దాన్ని చచ్చిన బొద్దింకను చూసినట్టు చూశాడు.

"దీన్ని పెట్టినవాడెవడు?"

"తెలీదు బావా."

"ఏ ఊరివాడు?"

"తెలీదు."

"మొహం లేనివాడి చేతి నీళ్లు తాగుతావేంట్రా? తీసుకుపో. నేను మనిషిని పట్టుకుంటాను" అన్నాడు.

పట్టుకున్నాడు కూడా. ఎవరో చెప్పగా బాపట్ల నుంచి దీపక్ అనే కుర్రాడు వచ్చాడు. పాతికేళ్లుంటాయి. నుదుట బొట్టు, భుజాన ల్యాప్‌టాప్ సంచీ, నోరు తెరిస్తే 'అండి' లేకుండా మాట లేదు. చెప్పులు వీధిలోనే విడిచి, వస్తూనే మా బావ కాళ్లకు దణ్ణం పెట్టాడు. సగం పని అక్కడే అయిపోయింది. మిగతా సగం మా బావ విచారణలో అయింది.

"ఎవరబ్బాయివి బాబూ?"

"శివరామయ్యగారి మనవణ్ణండి. మాది చేబ్రోలండి. ఇప్పుడు బాపట్లలో ఉంటున్నామండి."

"చేబ్రోలు శివరామయ్యా! మా బాబాయీ ఆయనా ఒకే బెంచీ మీద చదువుకున్నార్రా! ఆయన మనవడివా నువ్వు!"

ఇక ఫోన్ ఏంటి, ఇంటి తాళాలే ఇచ్చేలా ఉన్నాడు. మా ప్రాంతంలో మనిషిని పరీక్షించే పద్ధతి ఇదొక్కటే. తాత పేరు సరిపోతే మనవడు పాసైనట్టే. పితికేముందు చెంబు బోర్లించి చూసే మనిషి, ఆరోజు ఆ సంచీలో ఏముందో తొంగి కూడా చూడలేదు. ఇంతలో ఫోన్ వస్తే దీపక్ వరండా చివరికెళ్లి గొంతు తగ్గించి మాట్లాడాడు. మా అక్క గుమ్మంలో నిలబడి ఆ కుర్రాడి మొహంకేసి కాసేపు చూసింది.

"ఏవండీ, ఈ అబ్బాయి చేత వద్దండీ" అంది.

"నీకు వినపడదులే. వెళ్లి కాఫీ పట్రా" అన్నాడు మా బావ.

కాఫీ తాగుతూ దీపక్ రెండు ఫోన్లలోనూ యాప్ వేశాడు. "ముందు నా ఫోన్లో వేసి చూపించు బాబూ" అన్నది మా బావే. బొమ్మ అచ్చం పాత యాప్ బొమ్మే. చెవి మిషన్ల డబ్బా మీద బటన్ ఒకటి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఎర్ర లైటు మిణుకుమిణుకుమంది. "ఒక రోజు టైమివ్వండి, అదే సెట్టయిపోతదండి" అని మళ్లీ దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

సెట్టయింది. ఆ బటన్ నొక్కుడుకు మర్నాటికి మిషన్ల శబ్దం అట్టడుగుకు పడిపోయింది. మా అక్కకు అంతో ఇంతో వినపడేది కూడా పోయింది. యాప్ తెరిస్తే రమ్మీ ఆడమంటుంది, మొహం తెల్లబడే క్రీము రాసుకోమంటుంది, అప్పు కావాలా అంటుంది. చెవి ఊసే లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. మా బావ ఫోన్లోంచి, ఆయనకు తెలియకుండా, చుట్టాలందరికీ ఒక మెసేజ్ వెళ్లింది. "మా ఇంట శుభకార్యం. శుభలేఖ కోసం ఇక్కడ నొక్కండి" అని. తెలియనివాళ్లు పంపినవి నొక్కొద్దని పేపర్లో రాస్తూనే ఉంటారు. మావాళ్లు శ్రద్ధగా చదివారు కూడా. మల్లేశ్వరరావు తెలిసినవాడే కదా అని నొక్కారు. మూడు మండలాల్లో మా బంధువర్గం మొత్తం రమ్మీ ప్రకటనలతో మోగిపోయింది. చీరాలలో బట్టల వ్యాపారం చేసే మా రామకోటన్నయ్య అయితే ఫోన్ చేసి, "పెళ్లి బట్టలు మాత్రం మన కొట్లోనే తీసుకోవాలి సుమా" అన్నాడు. పెళ్లెవరికి అని మాటవరసకైనా అడగలేదు.

ఎన్నో ఏళ్లుగా ఊరందరికీ దొంగల్ని చూపించిన వేలు, ఇప్పుడు ఎటు చూపించాలో తెలియక జేబులో దూరింది. మా బావ వీధిలోకి రావడం తగ్గించాడు. పాలకు కూడా నన్నే పంపాడు.

దీపక్ ఫోన్ ఎత్తడం లేదు. ఇద్దరం బాపట్ల బయల్దేరాం. శివరామయ్యగారి ఇల్లు తేలిగ్గానే దొరికింది. ఎనభై దాటిన పెద్దాయన, వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. మా బావ గొంతు సవరించుకుని, మీ మనవడు చేసిన నిర్వాకం చూడండి అని మొదలుపెట్టబోయాడు. ఆయన చెయ్యి పైకెత్తి ఆపాడు.

"ముందు కూచోండి. ఎవరి తాలూకండీ మీరు?"

మా బావ వంశవృక్షం విప్పక తప్పలేదు. ఒకే బెంచీ సంగతి వచ్చేసరికి పెద్దాయన పొంగిపోయి మజ్జిగ తెప్పించాడు. మజ్జిగ తాగాక అసలు విషయం చెప్పాం. ఆయన కుర్చీ పక్కనున్న తన ఫోన్ తీసి మా బావ చేతిలో పెట్టాడు. తెర మీద ఒకమ్మాయి రమ్మీ ఆడమని కన్ను కొడుతోంది.

"నాక్కూడా వాడే వేశాడండీ. హైదరాబాదెళ్లిపోయాడు. పేపరు చదువుకుందామంటే ఈ అమ్మాయి అడ్డం నిలబడి పోదు. దీన్ని ఎట్లా తియ్యాలో మీకేమన్నా తెలుసా?" అన్నాడు దీనంగా.

సొంత తాతనే వదలనివాడు, తాత స్నేహితుడి అన్న కొడుకును వదులుతాడా? బస్సులో తిరిగొస్తున్నంతసేపూ మా బావ కిటికీలోంచి బయటికే చూశాడు. ఎగతాళి చెయ్యడానికి అంతకంటే మంచి అవకాశం నాకు జన్మలో దొరకదు. నాలుక దాకా వచ్చినవి నాలుగైదున్నాయి. కాని ఇంటి దగ్గర మా అక్క ఒక్కతే కూచుని ఉందని గుర్తొచ్చి మింగేశాను.

ఇక మిగిలింది ఫిన్నీయే. ఫోన్‌లో నేను చెప్పిన కథంతా విన్నాడు. నవ్వకుండా వినడానికి పాపం చాలా కష్టపడ్డాడు. వాళ్ల చర్చి పెద్ద ప్రభుదాస్ మాస్టారికి కూడా అవే మిషన్లున్నాయని, ఆయన ఫోన్లో పాత యాప్ ఇంకా ఉందని చెప్పాడు. అక్కయ్యగారిని తీసుకుని రేపల్లె వచ్చెయ్యండి అన్నాడు. మా బావ వద్దన్న నా పెన్‌డ్రైవ్ కూడా పట్రమ్మన్నాడు.

ముగ్గురం రైల్లో వెళ్లి మాస్టారి ఇంట్లో దిగాం. ఫిన్నీ అప్పటికే ల్యాప్‌టాప్‌తో అక్కడున్నాడు. మాస్టారు రిటైరైన లెక్కల టీచరు. ఆయన ఫోన్‌కు అద్దం పగిలి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి ఉంది. ఏ యాపూ తీసెయ్యడు, ఏ యాపూ మార్చడు. పంపినవాళ్ల మనసు నొచ్చుకుంటుందని గుడ్ మార్నింగ్ బొమ్మలు కూడా చెరపడట. ఫోన్ నిండా సూర్యోదయాలే.

ఫిన్నీ ఆయన ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. తరవాత నా పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఏవో పొడుగాటి అంకెలు, అక్షరాలు రెండు వరసలుగా వచ్చాయి. ఒకదాని కింద ఒకటి పెట్టి చూశాడు.

"మీరు తెచ్చింది అసలుదేనండీ" అన్నాడు నాతో.

మా బావ ఉలిక్కిపడ్డాడు. "ఆ మొహం లేనివాడిదా?"

"అవునండి. యాప్ చేసినవాళ్లు దానిమీద ఒక ముద్ర వేస్తారండి. వేలిముద్రలాంటిది. వేరేవాళ్లు లోపల వేలు పెడితే ఆ ముద్ర నిలవదు. కంపెనీ బతికున్నప్పుడు మాస్టారు స్టోర్‌లోంచే వేయించుకున్నారు. అందులో ముద్ర, ఇందులో ముద్ర ఒకటేనండి. పెట్టినవాడెవడో నాకూ తెలీదు. వాడు దొంగైనా దొరైనా ఈ ఫైల్ మాత్రం మారలేదు."

"మరి ఈ ముక్క నేను మొదటిసారి వచ్చినప్పుడే చెప్పొచ్చుగా?"

"మీరు మొహమే చూస్తానన్నారు గదండీ. ముద్ర సంగతి అడగలేదు."

మా బావ నా పెన్‌డ్రైవ్ వంక చూశాడు. నేను మాత్రం చూరులో బల్లిని చూశాను. గెలిచినప్పుడు ఓడినవాడి కళ్లలోకి చూడకూడదు, నవ్వొస్తుంది.

దీపక్ వేసినదాన్ని ముందు పీకేసి, ఫిన్నీ మా అక్క ఫోన్లో అసలు యాప్ ఎక్కించడం మొదలుపెట్టాడు. ఫోన్ ఊరుకుంటుందా? ఇది తెలియని చోటునుంచి వచ్చింది, మీ ఫోన్‌కు హాని జరగొచ్చు అంది. నిజంగా కావాలా అని అడిగింది. బాగా ఆలోచించుకున్నారా అంది. దీపక్ ఎక్కించినప్పుడు కూడా ఇవే అడిగిందిట. దీపక్ చకచకా నొక్కేశాడు, కాఫీ చల్లారిపోతోందని. అసలుదానికీ నకిలీదానికీ ఒకే హెచ్చరిక చేసే కాపలావాడు ఎవడికి పనికొస్తాడో నాకర్థం కాలేదు. "నీకు తెలియకపోతే పక్కకు జరుగు, మాకు తెలుసు" అన్నాడు మా బావ ఫోన్‌తో. ఆయన అన్నవాటిలో ఆ నెలలో నాకు నచ్చిన మాట అదొక్కటే.

ఇదంతా జరుగుతుంటే మా అక్క గోడ పక్కన కుర్చీలో కూచుని ఉంది. మాలో ఎవరం ఆవిడతో ఒక్క మాటా మాట్లాడలేదు, ఎలాగూ వినపడదు కదా అని. మాస్టారు లేచి తన కుర్చీ పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాడు. ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ, నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, ఏ చెవి వైపు కూచోమంటారు?"

మా అక్క కుడిచెవి చూపించింది. ఆయన అటువైపు కుర్చీ వేసుకుని, చెవికి దగ్గరగా వంగి ఏదో చెప్పాడు. మా అక్క నవ్వింది. ఆలస్యంగా కాదు, ఆయన మాట పూర్తయిన వెంటనే నవ్వింది. నేను మా బావకేసి చూశాను. ఆయన నాకేసి చూశాడు. మా అక్కకు కుడిచెవి నయమని మా ఇద్దరికీ అప్పటిదాకా తెలియదు.

యాప్ ఎక్కింది. మిషన్లు పట్టుకుంది. మా బావ ఫోన్ లాక్కుని, శబ్దం పెంచుతూ ఆవిడ మొహంలో మొహం పెట్టి అరిచాడు.

"వినపడుతోందా స్వర్ణా?"

"అబ్బ! అరవకండి!" అంది మా అక్క చెవులు మూసుకుని. తరవాత చెయ్యి చాచింది. "ఆ ఫోనిలా ఇవ్వండి."

ఆవిడే తెర మీద వేలుతో కొంచెం తగ్గించింది, కొంచెం పెంచింది. వంటింట్లో మాస్టారి భార్య నాగమ్మగారు చేగోడీలు వేయిస్తున్నారు. "నూనె చిటపటలాడుతోంది" అంది మా అక్క. ఫ్యాను కిర్రుమంటోందంది. వీధిలో ఎవరో సైకిల్ స్టాండ్ వేస్తే గుమ్మంకేసి తిరిగింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచడమెందుకు!

మా బావకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి ఉపన్యాసం అందుకున్నాడు. "చూశారా మాస్టారూ! పెద్ద కంపెనీ చేతులెత్తేసింది. షాపువాళ్లు చేతులెత్తేశారు. మధ్యవర్తి అనేవాడు లేకుండా మనిషికి మనిషి తోడైతే..."

"ఏవండీ" అంది మా అక్క.

"ఆగు స్వర్ణా. మనిషికి మనిషి తోడైతే..."

"మీరు ఆగండి." మా అక్క ఆయనతో ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. ఆయనా విన్నట్టు లేదు, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. "ఏడాదిబట్టి నాకు సరిగ్గా వినపడలా. మీరూ వీడూ వరండాలో కూచుని గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లు, పగలబడి నవ్వేవాళ్లు. ఏంటండీ అనడిగితే 'ఏం లేదులే' అనేవాళ్లు. అంతసేపు మాట్లాడుకుంది ఏం లేకుండా ఎట్లా పోద్దండీ? ఈ మాస్టారు నన్నెరగరు. కుర్చీ ఇటేసుకుని నాలుగు మాటలు చెప్పారు, మిషన్ పనిచెయ్యకపోయినా నాకు వినపడ్డయ్. ఆ దీపక్ వరండాలో ఫోన్లో ముసలాడు దొరికాడంటుంటే వాడి పెదాలు చూసి వద్దన్నాను. కాఫీ తెమ్మన్నారు."

ఫిన్నీ ల్యాప్‌టాప్ మూసి, వంటింటివైపు వెళ్లిపోయాడు.

"పోనీయండి. అయిందేదో అయింది" అంది మా అక్క. కోపం కూడా లేదు గొంతులో. "పొన్నూరు పిన్ని పోయేముందు రోజు, నాకు జ్వరమని మీరిద్దరే వెళ్లారుగా. మీరొచ్చాక అడిగాను, పిన్ని నాకేమన్నా చెప్పిందా అని. ఏం లేదులే, నిన్ను తలుచుకుందన్నారు. ఇప్పుడు వినపడుతోంది. నెమ్మదిగా చెప్పండి. పిన్ని ఏమని తలుచుకుంది?"

పొన్నూరు పిన్ని మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక మా అక్కను పెంచింది ఆవిడే. ఆరోజు మంచం పక్కన కూచుని, ఆయాసపడుతూనే స్వర్ణ గురించి చాలాసేపు మాట్లాడింది. మేమిద్దరం తలూపుతూ విన్నాం. బస్సు టైమవుతోందని మధ్యలో వాచీ కూడా చూసుకున్నాం.

"పిన్నిగారా..." అన్నాడు మా బావ. "అదే... నీ గురించే... జాగ్రత్త అనేదో..." ఆగిపోయి నాకేసి చూశాడు. నేను ఎంత తడుముకున్నా, ఆవిడ ఆయాసం గుర్తొస్తోంది, చెయ్యి పట్టుకోవడం గుర్తొస్తోంది, మాటలు మాత్రం ఒక్కటీ రావడం లేదు.

మా అక్క ఫోన్ తీసుకుని శబ్దం ఇంకాస్త పెంచుకుంది. కుడిచెవి మావైపు తిప్పి, చెబుతామని ఎదురుచూస్తూ కూచుంది.